తేలియా రుమాలుని వీణ మీదికి ఎక్కించడం: ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

పని ఏంటో ముందే రాసి పెట్టుకుంటున్నా. పుట్టపాకలో నేసిన ఒక తేలియా రుమాలుని స్కోరులా, అంటే వాయించాల్సిన స్వరాలు రాసిన కాగితంలా చదివి, దాన్నుంచి వీణకి పది పదిహేను నిమిషాల రచన తయారుచెయ్యాలి. రంగుకీ సంగీతానికీ లంకె ఉందని అందరూ అంటారు. లంకె ఎక్కడుందని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో పట్టిక చూపిస్తారు. గుడ్డని ఎదురుగా పరుచుకుని, వరసకి వరస వాయించి చూస్తే తప్ప నాకు తేలేలా లేదు.

రుమాలే ఎందుకంటే దాంట్లో ఉన్నవి మూడే రంగులు: ఎరుపు, నలుపు, తెలుపు. పోచంపల్లి పట్టుచీర తీసుకుంటే ఇరవై ఛాయలు వచ్చి పడతాయి, ఏది వదిలెయ్యాలో తెలియదు. పైగా ఇది రెండు వైపులా చిటికి పని. పడుగునీ (నిలువు పోగులు) పేకనీ (అడ్డం పోగులు) రెండింటినీ మగ్గం ఎక్కించకముందే కట్లు కట్టి అద్దుతారు. డిజైన్ మొత్తం గ్రాఫ్ కాగితం మీద గళ్లుగా ఉంటుంది. గళ్లు, వరసలు, ఏ గడిలో ఏ రంగో రాసిన కాగితం అంటే నా లెక్కలో అది సగం నొటేషన్ కిందే లెక్క.

ఈ పని మొదట చీరాలది. నూలుని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి ఆరబెడితే ఎరుపు బాగా పడుతుంది. ఎరుపు కోసం పూర్వం చిరివేరు అనే మొక్క వేరు, ఆ తర్వాత అలిజరిన్ అనే రంగు పొడి. ఆ రుమాళ్లు అరబ్బు దేశాలకి ఓడల్లో వెళ్లేవి. 1930ల ప్రాంతంలో వాటి మీద సింహాలు, ఏనుగుల పక్కనే విమానాలు, గడియారాలు కూడా నేశారు. నేను తీసుకున్నదాంట్లో అలాంటివేమీ లేవు. గడిలో గడి, మధ్యలో చుక్క, అంతే. నమూనా అడ్డం 32 గళ్లు, నిలువు 32 గళ్లు.

రుమాలు ఇంకా నూనె వాసన కొడుతోంది. వీణ పెట్టెకి దూరంగా పెట్టాను.

జూన్, రెండో వారం

పట్టికలన్నీ ఒకచోట రాసుకున్నా. ఒకదానికొకటి పొంతన లేదు.

కాస్టెల్ అనే ఫ్రెంచి జెస్యూట్ పూజారి 1725లో కళ్లతో వినే హార్ప్సికార్డ్ అనే ఆలోచన బయటపెట్టాడు. మీట నొక్కితే రంగు కనపడాలి. ఆయనకి పాశ్చాత్య స్వరాల్లో సి నీలం, జి ఎరుపు. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్‌కి సి ఎరుపు. ఆయన మిత్రుడే అయిన రిమ్‌స్కీ కోర్సకోవ్‌కి అదే సి తెలుపు. ఇద్దరికీ డి దగ్గర మాత్రం పసుపు కుదిరింది. స్క్రియాబిన్ తన 'ప్రొమిథియస్' స్కోరులో ఆర్కెస్ట్రా వాద్యాలతోపాటు 'లూచే' అని వెలుగుకి కూడా ఒక వరస రాశాడు. 1911లో మాస్కోలో మొదటిసారి వాయించినప్పుడు ఆ వెలుగులు లేవు. 1915లో న్యూయార్క్‌లో రంగు దీపాలతో వాయించారు, అప్పటికి ఆయనకి మిగిలినవి కొద్ది వారాలే.

వీళ్లలో ఎవరి పట్టిక పట్టుకున్నా అది వాళ్ల కళ్లూ చెవుల సంగతి. సినెస్తీషియా ఉన్నవాళ్లకి స్వరం వినగానే రంగు కనపడుతుంది. నాకు అది లేదు, కళ్యాణి వింటే కళ్యాణే వినపడుతుంది. కాబట్టి ఇంకొకరి కంటిని అరువు తెచ్చుకోవడంలో అర్థం లేదు.

న్యూటన్ పట్టిక దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయా. 1704లో వచ్చిన 'ఆప్టిక్స్'లో ఆయన వర్ణపటాన్ని తీగ పొడవుల నిష్పత్తులతో విడగొట్టాడు: 1, 8/9, 5/6, 3/4, 2/3, 3/5, 9/16, 1/2. వీటిని వీణ తీగ మీద పెట్టి చూడండి. చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. కర్ణాటక సంగీతంలో 22వ మేళకర్త రాగం, ఖరహరప్రియ! ఇంగ్లండులో కూర్చున్న పెద్దమనిషి ఇంద్రధనుస్సుని ఖరహరప్రియకి శ్రుతి చేసి వెళ్లాడన్నమాట.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఆయన రంగుల్ని స్వరాల మీద పెట్టలేదు, స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీల్లో పెట్టాడు. ఎనిమిది గీతలు, ఏడు ఖాళీలు. స-రి మధ్య ఎరుపు, రి-గ మధ్య నారింజ, గ-మ మధ్య పసుపు, అలా. రి-గ, ద-ని దగ్గర ఖాళీ ఇరుకు కాబట్టి నారింజ, ఇండిగో సన్నగా వచ్చాయి. స్కూల్లో ఏడు రంగులని బట్టీ పట్టించేటప్పుడు ఈ మాట ఎవరూ చెప్పరు. నోట్ చేసి పక్కన పెట్టా, పనికొస్తుందేమో చూడాలి.

జూన్, చివర

భౌతికశాస్త్రం దారి కూడా చూద్దామని తమ్ముడితో కూర్చున్నా. వాడు కోడింగ్ చేస్తాడు, నాకు పైథాన్ అరకొరగా వచ్చు.

లెక్క తేలికే. కంటికి కనపడే వెలుగు ఎరుపు కొసన సుమారు 700 నానోమీటర్లు, ఊదా కొసన 400. ఎరుపు పౌనఃపున్యం 428 టెరాహెర్ట్జ్ దాకా ఉంటుంది. దాన్ని సగానికి సగం చేసుకుంటూ నలభై స్థాయిలు కిందికి దించితే 390 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. అదే మన షడ్జం అనుకుంటే ఊదా 7/4 దగ్గర ఆగుతుంది, అంటే కైశికి నిషాదానికి ఓ పిసరు కింద. చెవికి పది స్థాయిలు వినపడతాయి, కంటికి ఒక్క స్థాయి కూడా సరిగ్గా నిండలేదు. చూడ్డానికి ముచ్చటైన లెక్క.

అయితే రుమాలు దగ్గరికొచ్చేసరికి అంతా బెడిసింది. తెలుపుకి తరంగదైర్ఘ్యం ఏది? నలుపుకి ఏది? మూడు రంగుల్లో రెండు అసలు వర్ణపటంలోనే లేవు.

అయినా ప్రోగ్రాం రాసి నడిపాం. ఫొటోలో ఒక్కో గడి సగటు రంగు తీసుకుని, హ్యూ, అంటే అది ఎరుపా పసుపా నీలమా అన్నది లెక్కగట్టి, దాన్నిబట్టి స్వరం ఇవ్వాలి. తమ్ముడు ముందే నవ్వాడు. "అక్కా, బూడిద రంగుకి హ్యూ ఉండదు. ఇవ్వమని అడిగితే సున్నా ఇచ్చి ఊరుకుంటుంది. సున్నా అంటే ఎరుపు." అచ్చం అలాగే అయింది. అచ్చ నలుపు గళ్లు షడ్జమైపోయాయి. కొంచెం మెరిసిన నలుపు గళ్లు ఎటు పడితే అటు దూకాయి. తెలుపేమో నూనె పట్టిన తెలుపు కదా, మీగడ రంగులో ఉంటుంది, అది గాంధారం దాకా వెళ్లి కూర్చుంది. ట్యూబులైటు కింద తీసిన ఇంకో ఫొటోలో అదే తెలుపు నీలం వైపు జరిగి ధైవతం పాడింది. గుడ్డ అదే, దీపం మారితే రాగం మారుతోంది!

ఇక హ్యూ గొడవ వద్దని తేల్చేశాం. ఫొటోలో మూలన ఒక తెల్ల కాగితం పెట్టి, నీడలో తీసి, గళ్లని మూడు గుంపులుగా మాత్రం విడగొట్టమన్నాం. ఇది ఎరుపు, ఇది నలుపు, ఇది తెలుపు. ఏ రంగుకి ఏ స్వరమన్నది మిషన్ చెప్పక్కర్లేదు.

జూలై, మొదటి వారం

మరి ఎవరు చెప్పాలి? శార్ఙ్గదేవుడు చెప్పాడు.

13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో రాసిన సంగీత రత్నాకరంలో ఏడు స్వరాలకీ రంగులున్నాయి. షడ్జం తామర రంగు, రిషభం పింజర వర్ణం అంటే కపిలానికి (గోధుమ రంగు కలిసిన ఎరుపు) దగ్గర, గాంధారం బంగారం, మధ్యమం మొల్లపూల తెలుపు, పంచమం నలుపు, ధైవతం పసుపు, నిషాదం రంగురంగుల కలగలుపు. తామరని ఎర్రతామరగా తీసుకున్నా.

ఎరుపు, తెలుపు, నలుపు. స, మ, ప.

రుమాలు రంగులు మూడూ సరిగ్గా ఈ మూడింటి మీద వచ్చి పడ్డాయి. ఇందులో ఏదో రహస్యం ఉందని నేను అనను. చీరాల సాలెవాళ్లు రత్నాకరం చూసి అద్దారని చెప్తే ఎవరైనా నవ్వుతారు. కానీ రచన చేసేవాళ్లకి ఇలాంటి కాకతాళీయం దొరికితే వదులుకోకూడదు. ఎందుకంటే ఈ మూడూ ఏదో మూడు స్వరాలు కావు. స్థాయిని 22 శ్రుతులుగా విడగొట్టే పాత లెక్కలో రి, ద లకి మూడేసి శ్రుతులు, గ, ని లకి రెండేసి. నాలుగేసి శ్రుతులున్నవి స, మ, ప మాత్రమే. అంటే మూడింటికీ సమానమైన జాగా. రుమాలులో ఏ రంగు గడైనా ఒకే కొలత ఉన్నట్టే.

మూడు స్వరాలతో ఏం వాయిస్తావని మా మాస్టారు అడిగారు. బాలమురళీకృష్ణ గారు మూడు స్వరాలతో సర్వశ్రీ రాగం చేశారు కదండీ అన్నా. "ఆయన చేశారమ్మా" అని ఊరుకున్నారు. ఆ 'ఆయన' మీద పెట్టిన ఒత్తు నాకు అర్థమైంది. నేను రాగం చెయ్యబోవట్లేదని చెప్పి బయటపడ్డా. ఇది గుడ్డ చదవడం.

మొదటి చిత్తు కంప్యూటర్ మీదే వాయించి చూశాం. శ్రుతి రెండు, అంటే డి. స 147 హెర్ట్జ్, మ 196, ప 220.5. ఒక గడి అర సెకను. వినడానికి కాలింగ్ బెల్‌లా ఉంది, ఎవరో పదే పదే నొక్కుతున్నట్టు. స్వరాలు సరిగ్గానే ఉన్నాయి. రుమాలు మాత్రం లేదు.

జూలై, మూడో వారం

పుట్టపాక వెళ్లొచ్చా. సంస్థాన్ నారాయణపురం మండలం, యాదాద్రి భువనగిరి జిల్లా. ఇక్కడి గజం గోవర్ధన్ గారికి 2011లో పద్మశ్రీ వచ్చాక ఊరి పేరు బయట బాగా తెలిసింది. నేను వెళ్లింది మాత్రం ఈ రుమాలు నేసిన దంపతుల ఇంటికి.

ముందు వరండాలో ఆవిడ కట్లు కడుతోంది. ఆసు (నూలు చుట్టే చట్రం) మీద పోసిన పేక నూలు పక్కన బిగించి ఉంది, దాని మీద బొగ్గుతో గీతలు. సైకిల్ ట్యూబుని సన్నటి పట్టీలుగా కోసి, నూలు పోగుల కట్టకి చుట్టుకుంటూ పోతోంది. చుట్టు, లాగు, ఇంకో చుట్టు, లోపలికి దూర్చు. వేళ్లు తిరగడం కనపడదు, ముడి మాత్రం పడుతుంది. కట్టిన చోట రంగు ఎక్కదు.

ఏ రంగు ముందని అడిగా.

"తెలుపు ఎక్కడుండాల్నో అది ముందుగాల్నే కట్టేస్తం మేడమ్," అన్నాడు ఆవిడ భర్త, నేను అన్న అని పిలుస్తా. "ఎర్రల ముంచుతం. తర్వాత ఎరుపు ఉండాల్సిన కాడ కట్టి నల్లల ముంచుతం. తెలుపు కట్టు ఆఖరిదాంక ఇప్పం."

"అంటే నలుపు కింద ఎరుపు ఉంటుందా?"

"ఉంటది. గందుకే ఆ నలుపు గట్లుంటది."

ఎండలో పట్టుకుని చూస్తే నిజమే, నలుపు లోపల్నుంచి ఎర్రటి జీర కనపడుతోంది. నా ప్రోగ్రాం నలుపు గళ్ల దగ్గర పిచ్చి స్వరాలు పాడటానికి కారణం కొంత ఇదే అయ్యుంటుంది.

"తెలుపుకే పనెక్కువ," అంది ఆవిడ తలెత్తకుండా. "రబ్బరు జరంత లూజైతే లోపలికి రంగు పోతది. ఎర్రదానికేముంది, మునిగితే అయిపాయె."

ఈ మాట దారి పొడుగునా బస్సులో తిరుగుతూనే ఉంది. వీణ మీద రాగం వాయించే నాలుగు తీగలు సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. స, ప, కింది స, ఇంకా కింది ప. ఎరుపు, నలుపు విడి తీగలే పలుకుతాయి, ఎడమచెయ్యి అక్కర్లేదు. మధ్యమానికి మాత్రం వేలు మెట్టు మీద ఆనించి తీరాలి. తెలుపు కావాలంటే రుమాలులోనూ వీణ మీదా వేళ్లతోనే పని.

వచ్చేముందు ఆయన గ్రాఫ్ కాగితాన్ని ఫొటో తీసుకోనిచ్చాడు. పడుగు కట్లు ఒక రంగు పెన్నుతో, పేక కట్లు ఇంకో రంగు పెన్నుతో గీసున్నాయి. ఇన్నాళ్లూ గడికి ఒక్క రంగే అనుకుని నడిపిన లెక్కకి ఇక్కడితో సెలవు.

జూలై ఆఖరు, ఆగస్టు మొదలు

ఇప్పుడు రెండు గొంతులు. పడుగు ఒకటి, పేక ఒకటి. ఒక గడిలో రెండూ ఎరుపైతే నిండు ఎరుపు, స మీద స. ఒకటి ఎరుపు ఒకటి తెలుపైతే గుడ్డ మీద లేత ఎరుపు కనపడుతుంది, చెవికి స-మ. ఎరుపు-నలుపు కలిస్తే స-ప, ఎప్పుడూ వినే తంబూరా. ఈ రెండూ ఎలా ఉంటాయో ముందే తెలుసు.

తెలుపు-నలుపు కలిసిన గడి సంగతే వేరు. మ-ప రెండూ ఒకేసారి. మన సంగీతంలో ఇవి ఒకదాని వెనక ఒకటి వస్తాయి గానీ రెండూ కలిపి పట్టుకుని కూర్చోం. మధ్యస్థాయిలో 196, 220.5 కలిస్తే తేడా 24.5 హెర్ట్జ్, గరగరమంటుంది. అదే మంద్రంలో వేస్తే 98, 110.25. తేడా 12 చిల్లర. సెకనుకి పన్నెండు సార్లు ఆ శబ్దం ఉబ్బి తగ్గుతుంది, చెవితో పాటు ఒళ్లోని వీణ కుండకి కూడా తెలుస్తుంది. మంద్రం తీగ ఐదో మెట్టు మీద మధ్యమం పట్టి, పక్కనే పంచమం తీగని విడిగా మీటితే చాలు. రుమాలు మీద ఆ గళ్లు దూరం నుంచి బూడిద రంగు, దగ్గరికెళ్తే పోగు తెలుపు పోగు నలుపు. కన్ను కలపలేక ఊగుతుంది. ఆ ఊగడం వీణ మీద యథాతథంగా దొరికింది. ఈ నెలలో నాకు నిజంగా ఆనందమిచ్చిన విషయం ఇదొక్కటే.

మెట్లు మైనం మీద కూర్చుని ఉంటాయి కాబట్టి ఎండకి ఐదో మెట్టు కొంచెం జరిగింది. 12 కాస్తా 14 అయింది. సరిచేయించాలి.

నిండు నలుపు గడిలో పంచమం కింద మంద్ర షడ్జాన్ని చాలా మెల్లగా, గోటి కొసతో వేస్తున్నా. నల్లలో ముంచకముందు ఎర్రలో మునిగిన నూలు కదా.

ఆగస్టు, రెండో వారం

అంచుల సంగతి.

ఫోనుకి మాక్రో లెన్సు తగిలించి ఎరుపు గడి తెలుపు గడిని తాకే చోటు చూశా. గీత ఉండదక్కడ. పేక పోగు ఒకటి సగం మిల్లీమీటరు ముందుకి, దాని కిందది వెనక్కి, మూడోది ఇంకా లోపలికి. రంపం పళ్ల వరస. ప్రతి పోగులోనూ ఎరుపు ఒక్కసారిగా ఆగిపోదు. రబ్బరు కట్టు కిందకి కొంచెం పాకి, పల్చబడి, కపిల రంగుకి తిరిగి, మీగడ రంగులో కలిసిపోతుంది. చిటికి పని అందమంతా ఆ మసకలోనే ఉంది. అద్దకంలో అచ్చు గుద్దిన నకిలీని పట్టుకోవడం కూడా ఇక్కడే, దాని అంచు కత్తిరించినట్టుంటుంది.

కంప్యూటర్ చిత్తులో లేనిది ఇదే. స నుంచి మ కి దూకుతోంది, జారట్లేదు.

ఒక గడి సుమారు నాలుగు మిల్లీమీటర్లు. మసక ఒకచోట ఒక మిల్లీమీటరు, ఇంకోచోట రెండు. గడికి అర సెకను కాబట్టి జారు పావు గడి నుంచి సగం గడి, అంటే సెకనులో ఎనిమిదో వంతు నుంచి నాలుగో వంతు. ప్రతి అంచునీ ఫొటోలో కొలిచి ఆ సంఖ్యల్ని స్కోరు మీద రాసుకున్నా. తమ్ముడు సగటు తీసి అన్నింటికీ ఒకటే పెడదామన్నాడు. వద్దన్నా. సగటు తీస్తే మళ్లీ అచ్చు గుద్దినట్టే.

వీణ మీద దీనికి తీగ మార్చాల్సి వచ్చింది. విడి తీగ మీద నుంచి జారలేం. అందుకని మధ్యలో ఉన్న ఎరుపు సారణి మీద విడిగా, తెలుపుని తాకబోయే ఎరుపు పంచమం తీగ ఐదో మెట్టు మీద. అక్కణ్నుంచి పదో మెట్టు దాకా జారితే మధ్యమం. రెండు షడ్జాలూ ఒకే 147, కానీ పలుకు వేరు. విడి తీగ బిగ్గరగా, మెట్టు మీది స కొంచెం మెత్తగా. గుడ్డ మీద కూడా గడి నడిమి ఎరుపూ అంచు ఎరుపూ ఒకటి కావు.

జారుతున్నప్పుడు దారిలో రిషభం, గాంధారం మెట్లు తగులుతాయి, మాట మింగినట్టు. రుమాలులో లేని స్వరాలు. శార్ఙ్గదేవుడి పట్టికలో అవి కపిలం, బంగారం. మాక్రో ఫొటో మళ్లీ తీసి చూశా. ఎరుపు తెలుపుల మధ్య ఉన్నవి అవే రెండు రంగులు! నూనె చేసిన పని. మధ్యమం నుంచి పంచమానికి జారితే మాత్రం దారిలో అలాంటి స్వరమేదీ లేదు, ఒక్క ప్రతిమధ్యమం మెట్టు తప్ప. తెలుపు నలుపుల అంచులో కూడా ఉన్నది ఉత్త బూడిదే.

న్యూటన్ మాట ఇక్కడ పనికొచ్చింది. మూడు నిండు గళ్ల మీద స్వరం పెట్టడం పది నిమిషాల పని, ఎవరి పట్టికతోనైనా చెయ్యొచ్చు. నేను నెలన్నరగా పడుతున్న తంటా మొత్తం గడికీ గడికీ మధ్య జాగాలో ఉంది. ఇక పట్టికల గురించి చర్చ పెట్టేవాళ్లతో నేను కూర్చోను.

ఆగస్టు, చివరి వారం

తాళం. 32 గళ్లు, అక్షరానికి (తాళంలో ఒక లెక్కకి) నాలుగు, ఎనిమిది అక్షరాలు. ఆది తాళం, చతురశ్ర నడ. ఒక వరస ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు), పదహారు సెకన్లు.

నమూనా మధ్య నుంచి అద్దం పట్టినట్టు వెనక్కి తిరుగుతుంది. పదహారు గళ్లు వెళ్తుంది, అవే పదహారు తలకిందులుగా వస్తాయి. ఆదిలో సరిగ్గా లఘువు (మొదటి నాలుగు అక్షరాలు) అయిపోయి ద్రుతాలు (రెండేసి అక్షరాలవి) మొదలయ్యే చోట మలుపు. చేత్తో వేస్తే తెలుస్తుంది, వేళ్ల లెక్క ముగిసి కొట్టు పడేసరికి పాట వెనక్కి నడుస్తుంటుంది.

ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే లయల్ని ఫ్రాన్సులో మెస్సియాన్ అనే స్వరకర్త ఇరవయ్యో శతాబ్దంలో బాగా వాడాడు. స్వరాలు వింటే ఆయనకీ రంగులు కనపడేవి. తన లయల కోసం ఆయన వెతుక్కుంటూ వెళ్లింది శార్ఙ్గదేవుడి 120 దేశీ తాళాల జాబితా దగ్గరికే. నేను స్వరాల రంగుల కోసం వెళ్లిన పుస్తకమే. తిరిగి తిరిగి అందరం ఒకే గుమ్మం ముందు తేలాం.

ఒక ఇబ్బంది మిగిలింది. జారుని వెనక్కి తిప్పితే జారు కాదు. స నుంచి మ కి ఎక్కేటప్పుడు మీటు మొదట్లో పడుతుంది, శబ్దం తగ్గుతూ పోతుంది. దిగేటప్పుడు కూడా మీటు మొదట్లోనే. అద్దంలో చూసినట్టు ఉండాలంటే శబ్దం పెరుగుతూ వచ్చి మీటు దగ్గర ఆగాలి. అది వీణ వల్ల కాదు, రికార్డింగుని తిప్పి వేస్తేనే వస్తుంది. ఒక వరస అలా తిప్పి విన్నా, ఊపిరి లోపలికి పీల్చుకుంటున్నట్టు వచ్చింది, తీసేశా. రుమాలులో కూడా ఎడమ అంచు మసక, కుడి అంచు మసక ఒకేలా లేవు. చెయ్యి చేసిన పనిలో అద్దం అంత కచ్చితంగా ఉండదు.

పడుగు గొంతుని తర్వాత విడిగా రికార్డు చేసి కింద కలిపాం. ఎనిమిదిన్నర నిమిషాలు.

సెప్టెంబరు

రికార్డింగు పుట్టపాక అన్నకి ఫోనులో పంపించి, రుమాలు ఎదురుగా పరుచుకుని వినమని చెప్పా. పై వరస ఎడమ మూల నుంచి మొదలని, ఒక్కో వరసకి పదహారు సెకన్లని చెప్పా. సాయంత్రం అన్న ఫోన్ చేశాడు.

"విన్నం మేడమ్. నలుపు మీద తెలుపొచ్చిన కాడ గుర్రుమంటది కదా, అది మా ఆమె పట్టేసింది. మంచిగుంది. గని అంచు ఏది?"

"ఏ అంచన్నా?"

"చుట్టూత ఎర్ర అంచు లేదా? అంచు లేకుంటె రుమాలెట్లయితది, అది తాన్ల ముక్క."

నిజమే. ఫొటోని నమూనా దగ్గర కత్తిరించుకున్నాం కదా, నాలుగు వైపులా ఉన్న ఎర్రటి పట్టీ మొదటి రోజు నుంచీ లెక్కలోనే లేదు. పట్టీ నమూనా గళ్ల కొలతలో చూస్తే నాలుగు గళ్ల వెడల్పు. పైన, కింద పెంచడం ఇబ్బంది కాదు. పక్కల పెంచితే వరసకి 32 కాస్తా 40 గళ్లవుతాయి. పది అక్షరాలు. ఆది తాళం చెల్లదు.

రెండు రోజులు తాళాల పట్టిక ముందేసుకుని కూర్చున్నా. చతురశ్ర జాతి మఠ్య: లఘువు, ద్రుతం, లఘువు. నాలుగు, రెండు, నాలుగు. పది. పైగా ఇది ఎటు నుంచి లెక్కపెట్టినా ఒకటే, నమూనా మలుపు సరిగ్గా ద్రుతంలో కొట్టుకీ విసురుకీ మధ్య పడుతుంది. ఆది కంటే ఈ గుడ్డకి ఇదే బాగా అతుకుతుంది. మాస్టారికి చెప్తే, మఠ్యంలో అలంకారం తప్ప ఇంకేం వాయించావని అడిగారు. ఏమీ వాయించలేదు. సాధన మొదలుపెట్టా.

కొత్త కొలతలు: వరసకి 40 గళ్లు, ఇరవై సెకన్లు. మొత్తం 40 వరసలు, పదమూడు నిమిషాల ఇరవై సెకన్లు. మొదటి నాలుగు, చివరి నాలుగు ఆవర్తనాలు సారణి మీద విడి షడ్జం ఒక్కటే. ప్రతి వరసకీ మొదటి అక్షరం, చివరి అక్షరం కూడా అదే. అంచు నమూనాని తాకే చోట మసకలు ఇంకా కొలవాలి. ఆ ఫొటోలు అన్న రేపు పంపిస్తానన్నాడు. ఐదో మెట్టు సరిచేయించాక పడుగు గొంతు మొదటి నుంచీ మళ్లీ రికార్డు చెయ్యాలి.